పదికి నాలుగు

పదకొండో కట్ట విప్పి మాస్టారు మొదటి పేపరు ముందుకు లాక్కున్నారు. 'గోడ్' కొట్టేసి 'వెంట్' రాశారు. 'టీచ్డ్' కొట్టేసి 'టాట్' రాశారు. ఏ క్రియకైనా ఒక తోక తగిలిస్తే చాలు, జరిగిపోయిన సంగతి అయిపోతుందని అందరికీ అదేం నమ్మకమో! పోస్టులో ఇంగ్లీషు నేర్పే ఆ ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా ఆయన పని ఈ దిద్దడమే. బొటనవేలి గోటి సందున పట్టిన ఎర్ర సిరా ఎంత తోమినా పోదు.

అంతలో మరదలు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది.

"బావగారూ, మీ తమ్ముడు నిన్నటి నుంచి మిమ్మల్నే అడుగుతున్నారు. ఒక్కసారి వచ్చి కనబడండి."

"ఈ కట్ట అవగానే వస్తానమ్మా."

కట్టకు నలభై పేపర్లు. విప్పిన కట్ట ఒకే చేతిమీద పూర్తి కావాలన్నది అక్కడి ఆనవాయితీ.

"నేను చూస్తాలెండి మాస్టారూ, మీరు బయల్దేరండి. మీ కట్టకి నేనేమీ దిష్టి పెట్టను," అంది పక్క బల్ల ఆవిడ.

"పర్లేదమ్మా, ఎంతసేపు!" అన్నారు. నిజానికి తమ్ముడి దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో ఆయనకు తెలియలేదు.

తమ్ముడు మోటారు మెకానిక్. చదువు అబ్బలేదు. తొమ్మిదేళ్ల కిందట సొంత షెడ్డు పెట్టుకుని, అన్నయ్య మురిసిపోతాడని ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు. ఆ రోజూ బల్లమీద ఇలాగే కట్టలు. చెయ్యి అలవాటున సాగిపోయింది. తప్పుల కింద గీతలు గీసి, పదికి నాలుగు వేసి, వచ్చిన అడ్రసుకే తిప్పి పంపేశారు. షెడ్డు గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆ సంగతి మూడోనాటికి గాని తట్టలేదు. తమ్ముడు మళ్లీ రాయలేదు. సిగ్గుతో ఈయనా కదపలేదు. తప్పయిందిరా అని చెప్పడానికి రేపు, రేపు అనుకుంటూనే తొమ్మిదేళ్లు గడిపేశారు.

ముప్ఫైమూడో పేపరు దగ్గర ఫోన్ మోగింది.

"బావగారూ... అయిపోయిందండీ."

"ఆఁ," అన్నారు. ఏడుపు రాలేదు. మిగిలిన పేపర్లు దిద్ది, కట్ట కట్టి, ముడి వేసి లేచారు.

అంతా అయ్యాక, మరదలు షెడ్డులోంచి ఒక నోటుపుస్తకం తెచ్చి చేతికిచ్చింది.

"రోజూ షెడ్డు తెరిచే ముందు కూర్చుని రాసేవారండీ. పదికి పది వచ్చేలా కుదిరాక అన్నయ్యకి పంపుతాననేవారు. ఆసుపత్రిలో చేరే ముందురోజే కుదిరిందన్నారు."

గ్రీజు మరకల అట్ట లోపల పేజీపేజీకీ ఆ ఉత్తరమే. చివరిదాంట్లో ఒక్క తప్పు లేదు. పై మూలన మార్కుల కోసం స్కేలుతో గీసి పెట్టిన గడి ఖాళీగా ఉంది.