అత్తగారి పేరు

చేప పొలుసులు తీస్తుంటే నీలవేణికి కుడి డొక్కలో మళ్ళీ నొప్పి వచ్చింది. కత్తిపీట పక్కకు నెట్టి ఒంగి కూర్చుంది. పిత్తాశయంలో రాళ్ళు, ఇక ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుందన్నారు డాక్టరు. తీరా చూస్తే ఆరోగ్య కార్డు ఆపేశారు. ఈ దేశపు మనిషేనని రుజువు చూపిస్తేనే మళ్ళీ ఇస్తారట.

బెంగాలీల ఊళ్ళో తెలుగువాళ్ళుండే పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పుట్టి, అక్కడి తెలుగు బడిలో చదివి, ఆ ఊళ్ళోనే కాపురం చేస్తున్న మనిషికి వచ్చిన కష్టమిది. చిక్కంతా పేరుతో. ఆమె అసలు పేరు అప్పలకొండ. అత్తగారి పేరూ అదే. కన్నతల్లి పేరు పెట్టి పెళ్ళాన్ని పిలిస్తే మర్యాదేనా? పీటల మీదే నీలవేణిని చేసేశారు. నీకిష్టమేనా అని ఒక్కరూ అడగలేదు. కార్డులన్నీ నీలవేణివి, బడి సర్టిఫికెట్టేమో అప్పలకొండది. సర్కారు లెక్కలో నీలవేణికి అమ్మానాన్నా లేరు, ఆకాశం నుంచి ఊడిపడింది.

ఇద్దరూ ఒకరేనని భర్త ఒక్క మాట చెబితే చాలన్నారు. గోల్‌బజార్‌లో బట్టల కొట్టు గుమాస్తా అయిన ఆ భర్త తవిటయ్య, రేపు రేపంటూ రోజులు గడిపాడు. "నలుగురిలో అమ్మ పేరెట్టి నా పెళ్ళాం అని ఎలా సెప్పమంటావు?" అన్నాడు. రాళ్ళు ఆమె కడుపులో ఉన్నాయి గానీ అతని కడుపులో లేవు కదా. నీలవేణికి ఒళ్ళు మండింది.

చివరికి విచారణకు వచ్చాడు. బల్ల వెనకున్న ఆఫీసరమ్మ సర్టిఫికెట్టు చూపించి, ఈ అప్పలకొండ ఎవరని బెంగాలీలో అడిగింది. అతను తల దించుకుని, అలవాటు కొద్దీ, "మా అమ్మ" అన్నాడు.

ఆఫీసరమ్మ మొహం మారిపోయింది. అత్తగారి కాగితం పట్టుకొచ్చిందా ఈవిడ? ఏ దేశం నుంచి వచ్చావని నిలదీసింది. నీలవేణి మొగుడి వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు.

ఇక తనే నోరు విప్పింది. వచ్చిన బెంగాలీలోనే, మా అత్త బడి గుమ్మం ఎక్కలేదు దీదీ, పుట్టిన తేదీ చూడండి, అది నా వయసు, అప్పలకొండను నేనే అంది. ఆఫీసరమ్మ తేదీ చూసి నెమ్మదించింది. మరి నీలవేణి?

"అది వీళ్ళు పెట్టుకున్న పేరు. కొట్టేయండి."

అన్ని కార్డులూ పాత పేరుకు మార్చాలి మరి, సమ్మతమేనా అని కాగితం ముందుకు జరిపిందావిడ. తవిటయ్య చెవి దగ్గర గొణిగాడు.

"మతి పోనాదేటి? ఇంట్లో నిన్నేటని పిలవాలి?"

అప్పలకొండ పెన్ను అందుకుంది.

"ఇన్నేళ్ళూ ఒసే అనే గదా పిలిసినారు. ఆ నీలవేణి అన్న పేరైనా ఒక్కనాడు పిలిసినారేటి?"