పిన్ని ముక్కు, ఆదివారం కూర

కూరలో ఉప్పు సరిపోయిందో లేదో మా పిన్ని నాలుకతో కాదు, ముక్కుతో చెబుతుంది. గిన్నె మూత తీసి, ఆవిరి ఒకసారి పీల్చి, "ఇంకో గుప్పెడు పడాలి" అంటుంది. ఎందుకంటే ఆమె పెట్టిన నియమం ఒకటుంది. ఆదివారం వంట వీధిలో పడుకునేవాళ్లకి; వాళ్లు తినేదాకా వండినవాళ్లెవరూ మెతుకు ముట్టకూడదు. ఆ నియమాన్ని ఎదిరించే మొనగాడు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు. బాబాయి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పిన్నికి ఆదివారమే వారమంతా. బస్టాండు వెనక బల్ల వేసి, గరిటె పట్టుకుని, అన్నం కంటే తిట్లే ఎక్కువ వడ్డిస్తుంది. "ఆ దగ్గుకి మందు వేసుకున్నావా?" "కొత్త చెప్పులు అప్పుడే పోగొట్టావా?" మూసేసిన కొట్టు అరుగు మీద పడుకునే గడ్డమాయనకు ప్రతివారం ఒకటే అక్షింతలు: "మళ్లీ గడ్డం గీసుకోలేదూ?"

పోయిన ఆదివారం వాన. సగం మందే వచ్చారు, కూర మిగిలింది. నేనూ, బాబాయీ, గిన్నెలు మోసుకొచ్చే వ్యాను డ్రైవరూ చాలాకాలానికి ఆ కూర తిన్నాం. ఉప్పన్నది లేదు. రెండు నెలల కిందటి జ్వరం పిన్ని ముక్కును పట్టుకుపోయిందని అప్పుడర్థమైంది. ఇంట్లో రోజూ వంట బాబాయిదే కనుక ఆయనకీ తెలియలేదు.

"ఎలా ఉంది?" అంది పిన్ని.

"అద్భుతం" అన్నాం ముగ్గురం, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

చేతకాని రోజున గరిటె వదిలేసి ఇంట్లో కూర్చుంటానని ఆమె ఎప్పుడూ అంటుంది. అన్నంత పనీ చేసే మనిషి. ఆదివారం లేని పిన్నిని తలుచుకుంటేనే నాకు భయం వేసింది.

అందుకే ఈ వారం ఆమె అటు తిరగగానే కూరలో మూడు గుప్పెళ్ల ఉప్పు వేశాను. అంతకుముందే బాబాయి వేశాడని నాకు తెలియదు. మా ఇద్దరి సంగతీ తెలియని డ్రైవరు గిన్నె వ్యానులోకి ఎక్కిస్తూ తనూ ఓ గుప్పెడు వేశాడు. నియమం నియమమే కనుక ఎవరం రుచి చూడలేదు.

వరసలో మొదటివాడు గడ్డమాయన. కూర వేయించుకుని, జేబులోంచి కాగితం పొట్లం తీసి, ఏదో చల్లుకుని ముద్ద నోట్లో పెట్టాడు. కళ్లు తేలేశాడు.

"ఏమయ్యా, ఏమైంది?"

"ఏం లేదమ్మా. చాలా బాగుంది" అన్నాడు, కళ్లనీళ్లతో.

"ఆ పొట్లం ఏంటి?"

దాచుకోబోయాడు. పిన్ని ముందు అవన్నీ సాగుతాయా! ఉప్పు. వెనక చూస్తే వరసలో సగం మంది చేతుల్లో అవే పొట్లాలు. ఇక మా ముగ్గురికీ ఒప్పుకోక తప్పలేదు.

పిన్ని గరిటె బల్ల మీద పెట్టేసింది. ఆమె చేతిలో గరిటె లేకుండా చూడడం నాకదే మొదటిసారి.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?" అంది గడ్డమాయనతో.

"మొదటివారమే తెలిసిందమ్మా."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మీరు రావడం మానేస్తారేమోనని. ఉప్పుదేముంది, మేం తెచ్చుకోగలం. గడ్డం గీసుకోలేదని తిట్టేవాళ్లని ఎక్కణ్నుంచి తెచ్చుకుంటాం?"

బాబాయి ముక్కు చీదుకున్నాడు, జలుబని చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. నాకు జలుబు కూడా లేదు.

పిన్ని కళ్లు తుడుచుకుని గరిటె తీసుకుంది. ఉప్పు కలిపిన పాపానికి బంగాళాదుంపలు తెచ్చి ఉడకబెట్టి కూరలో కలపమని మా ముగ్గురినీ తరిమింది. తర్వాత గడ్డమాయన వైపు తిరిగింది.

"వచ్చే ఆదివారం పదింటికల్లా మా ఇంటికి రా. దించేముందు రుచి చూసి చెప్పాలి."

"మరి నియమం?"

"వండినవాళ్లు ముట్టకూడదన్నాను. నువ్వు వండుతావా ఏంటి?" అంది పిన్ని. "గడ్డం మాత్రం గీసుకుని రా."