కెమెరాకి ఇవతల

నేను చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే గంగాప్రసాద్ అన్నాడు, "ఇయ్యాల గూడ ఆ బాల్ ఆటకేనా? నీకు లైబ్రరీల పనిచ్చిండ్రు, గ్రౌండ్ల కాదు." మా ఆయన అన్నది అబద్ధమేమీ కాదు. దోహాలో ఒక ఇండియన్ స్కూల్లో నేను లైబ్రరీ అసిస్టెంట్‌ని. నాలుగేళ్ల కిందట ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు వెంట ఆడమనిషి ఉండాలని ప్రిన్సిపాల్ నన్ను పంపారు. నీళ్ల సీసాలు మోయడానికి వెళ్లాను. స్కూల్లో ఆటలు నేర్పించే పీడీ హరి సార్‌కి మగపిల్లల క్రికెట్‌తోనే సరిపోయేది. ఎవరో ఒకరు నేర్పాలి కదా అని, కూర కలుపుతూ ఫోన్లో మ్యాచ్‌లు చూశాను, రూల్స్ చదివాను, తప్పులు చేశాను, నేర్చుకున్నాను. జట్టు మెల్లగా నా చేతికొచ్చింది. కప్పులతో దిగిన ఫొటోల్లో మాత్రం హరి సార్ ఉంటాడు. ఆ ఫొటోలు తీసేది నేను.

పన్నెండో తరగతి బిల్కిస్ ఆట చూసిన ఎవరికైనా ఆ పిల్ల ఇక్కడితో ఆగదని తెలిసిపోతుంది. వాళ్లది కర్నూలు. తల్లి తహెరున్నీసా ఇక్కడే అల్ దోహా అల్ జదీదా అనే పేటలో ఒక క్లినిక్‌లో నర్సు. నేను తీసిన వీడియోలు అమెరికాలో ఒక కాలేజీకి పంపితే, అక్కడి కోచ్ ఈ గురువారం సాయంత్రం నాలుగింటికి బిల్కిస్‌కి ఆట నేర్పిన కోచ్‌తో వీడియోలో మాట్లాడాలని స్కూలుకి రాసింది. హరి సార్ లైబ్రరీకొచ్చాడు.

"నేను మాట్లాడతానండి. మీరు కెమెరాకి ఇవతల కూర్చుని జవాబులు కాగితం మీద రాసి చూపించండి. లైబ్రరీ అసిస్టెంట్ అంటే వాళ్లేమనుకుంటారు చెప్పండి?"

సరే అన్నాను. ఆ మాట నా నోటికి ఎంత తేలిగ్గా వస్తుందో. ఇంటికి మా ఆయన కంపెనీ వాళ్లు భోజనానికొచ్చినప్పుడు పదిమందికి వండి, వంటింట్లోనే నిలబడి తినే మనిషిని. "మా ఆమెకు ఇల్లే లోకం" అని ఆయన హాల్లో నవ్వుతూ చెప్తుంటే విని, ఇంకో గిన్నె నింపి ఇచ్చాను. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

బుధవారం ప్రాక్టీసయ్యాక బిల్కిస్ నా పక్కన కూర్చుంది. "మోకాలు సంగతి చెప్పొద్దు మేడమ్. చెప్తే నన్ను తీసుకోరు." జనవరిలో పడి లిగమెంట్ దెబ్బతింది. కట్టు కట్టి ఫైనల్ ఆడించమన్నాడు హరి సార్. నేను కోర్టులోకి దిగనివ్వలేదు. ఓడిపోయాం. "లైబ్రరీ మేడమ్ వల్ల కప్పు పోయింది" అని స్టాఫ్‌రూమ్‌లో చాలా రోజులు నవ్వుకున్నారు. బిల్కిస్‌కి నేను ఔననలేదు, కాదనలేదు.

గురువారం తెర మీద నెరిసిన జుట్టుతో ఒకావిడ కనిపించింది. జట్టు ఓడిపోతున్నప్పుడు ఈ అమ్మాయి ఏం చేస్తుందని అడిగింది. 'బంతి తనకిమ్మని అడుగుతుంది' అని రాశాను. హరి సార్ చదివాడు. ఎడమ చేత్తో ఎలా ఆడుతుందని అడిగింది. రాశాను, చదివాడు. తర్వాత, దెబ్బలేమైనా తగిలాయా అంది.

నా పెన్ను ఆగిపోయింది. హరి సార్ నా వైపు చూశాడు. కాగితం ఖాళీ. "దెబ్బలేమీ లేవు. హండ్రెడ్ పర్సెంట్ ఫిట్" అన్నాడు.

అంత దూరంలో, ఆ మోకాలి మీద, మొదటి రోజు నుంచే పరిగెత్తిస్తారు. ఈ పిల్ల నొప్పి ఉందని చెప్పదు. ఆపడానికి అక్కడ నేనుండను. కుర్చీ జరుపుకుని తెర ముందుకొచ్చాను. "నా పేరు మాలతి. ఈ జట్టుకి ఆట నేర్పేది నేను" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులోనే. జనవరి సంగతి, ఆడనివ్వని పది వారాలు, తర్వాత ఎలా కోలుకుందో అంతా చెప్పాను. హరి సార్ చెయ్యి మ్యూట్ బటన్ దాకా వెళ్లి ఆగింది. ఆవిడ నన్ను ఇంకో అరగంట ప్రశ్నలడిగింది. చివర్లో "థాంక్యూ, కోచ్" అంది. ఎవరిని అన్నదో అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది.

సంగతి తెలిశాక బిల్కిస్ పది రోజులు నాతో మాట్లాడలేదు. "మిమ్మల్ని నమ్మి చెప్తిని గదా మేడమ్" అన్నది ఆఖరి మాట. తహెరున్నీసా మాత్రం స్కాన్ రిపోర్టులన్నీ కాలేజీకి పంపింది. నెలకి ఉత్తరం వచ్చింది. తీసుకుంటున్నారు. మొదటి కొన్ని నెలలు వాళ్ల డాక్టరు చెప్పినంతే ఆడిస్తారట. బిల్కిస్ ఉత్తరం తెచ్చి నా బల్ల మీద పెట్టి ఏడ్చింది. "అయినా నాకు ముందే చెప్పాల్సింది మీరు."

"చెప్పాల్సిందే" అన్నాను. అది నా తప్పే.

ఆ వారం స్కూలు గేటుకి బ్యానర్ కట్టారు. బిల్కిస్ పక్కన హరి సార్ నవ్వుతున్నాడు. లైబ్రరీకి వెళ్లి, ఆడపిల్లల కోచ్‌గా నా పేరు మీద ఆర్డరు ఇచ్చేదాకా కోర్టుకి రానని ఒక ఉత్తరం టైపు చేశాను. ఇంట్లో చెబితే గంగాప్రసాద్ "ఉన్న నౌకరి గూడ పోతది" అన్నాడు. పోవచ్చు. ఆ భయంతోనే తీసుకెళ్లి ఇచ్చాను.

ప్రిన్సిపాల్ రెండుసార్లు చదివారు. "పిల్లల కోసమైనా రండి మాలతిగారూ" అన్నారు.

"నాలుగేళ్లు పిల్లల కోసమే వచ్చాను సార్. ఇకమీదట కోచ్‌గా వస్తాను."

ఆయన స్కూలు లెటర్‌హెడ్ కాగితం ఒకటి ముందుకి లాక్కున్నారు. తర్వాత పెన్ను మూత తీసి, "మీ పూర్తి పేరు చెప్పండి" అన్నారు.