బంతి ఆగిన చోటు

బంతి వచ్చి కాఫీ పళ్ళ మధ్యలో పడింది. పట్టా మీద ఆరబోసిన పళ్ళు ఎర్రగా నాలుగు వైపులకీ చిమ్మాయి. అరుగు మీద కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటున్న సోములమ్మ తల ఎత్తకుండానే, కోడలు కనకకి వినబడేటట్టు అంది.

"వొచ్చీసినాడు నీ అల్లుడు. లెగిసి మర్యాద సెయ్యి."

కనక లేచింది. పళ్ళన్నీ చీపురుతో మళ్ళీ పట్టా మీదికి లాగి, బంతిని రెండు చేతులా పట్టుకుని పైకి విసిరింది. పైన గట్టు అంచున వరసగా తలలు కనబడ్డాయి. "పిన్నీ, బంతి!" అనే కేక ఆమెకు కోడికూతలా అలవాటైపోయింది.

ఆ ఊరి బడి మైదానమంటే కొండను తొలిచి చదును చేసిన ఒక మెట్టు. దానికి ఒక పక్క మట్టికట్ట. రెండో పక్క గట్టు, గట్టు కింద కనక ఇల్లు, ఇల్లు దాటితే నిట్టనిలువుగా కింద పారే గెడ్డలోకి దిగే లోయ. బంతి గట్టు దాటిందంటే కనక వాకిట్లో పడాలి, లేదంటే గెడ్డలోనే. అందుకని ఆడపిల్లలే ఒక కట్టడి పెట్టుకున్నారు. ఎవులు దింపితే ఆలే ఎక్కించాల. తన్నిన పిల్లే గెడ్డకు దిగి, రాళ్ళ మధ్య వెతికి, ఎక్కి వచ్చేసరికి ఆట అయిపోయేది. అలా దిగీ ఎక్కీ వాళ్ళు బంతిని గట్టిగా తన్నడమే మానేశారు. సూదిలో దారం ఎక్కించినట్టు ఒకరి కాలినుంచి ఒకరి కాలికి చిన్నచిన్నగా అందించుకునేవారు. కనక కూతురు సత్యకుమారి పాదానికైతే బంతి అతుక్కుపోయిందేమో అనిపించేది.

నీళ్ళకు దిగినప్పుడు రాళ్ళలో ఇరుక్కున్న బంతి కంటబడితే కనకే దాన్ని తెచ్చేది. నెత్తిన బిందె, చంకలో బంతి. కట్టడి ఆడేవాళ్ళకే గాని కనకకు లేదు. ఎవరు దింపినా ఆమె ఎక్కించేది. ఇంట్లోనూ అంతే.

ఆ ఏడు రవికుమార్ అనే కొత్త ఆటల మాస్టారు కొండ కింది ఊళ్ళ నుంచి బదిలీ మీద వచ్చాడు. పిల్లలకు పదమూడో ఏడు వచ్చింది, ఇక ఈ చిన్న చోట ఏడుగురేసి ఆడితే చాలదు, పదకొండుగురు పెద్ద గ్రౌండులో ఆడాలన్నాడు. విజయనగరంలో పోటీలకు పేర్లిచ్చాడు. ఆడపిల్లల వెంట ఒక ఆడమనిషి ఉండి తీరాలి. బడిలో మేడమ్ సెలవులో ఉంది. మిగతా తల్లులకు చంకలో పిల్లలు. గట్టు కిందనే ఉంది కదా అని కనకను అడిగారు.

"నువ్వెల్తే కాఫీ పళ్ళు ఎవులు తిరగేత్తారు?" అంది సోములమ్మ. అరకు దాకా జీపు తోలే కనక మొగుడు ఫల్గుణ మాత్రం కాదనలేదు. కాదనకుండానే ఒక ముడి వేశాడు. "రొండ్రోజులే కదా, ఎల్లు. కానీ ఇదే ఆకరు. గెలిసినారంటే అప్పుడు సూద్దుము. ఓడినారంటే బంతి గోల మానీసి, మన గుంట రోజూ నీళ్ళకి దిగాల. అమ్మకి మోకాళ్ళు నేవు. నువ్వొక్కర్తివీ ఎంతని సేత్తావు?"

చివరి మాట నిజంగా ప్రేమతోనే అన్నాడు. అతను ఒక్క బిందె ఎత్తితే సరిపోయే పనికి కూతురి కాళ్ళు అడుగుతున్నాడని ఆ నిమిషాన కనకకు తట్టలేదు. తట్టినా నోట రాదు. రెండు రోజుల అంబలికి సరిపడా చోళ్ళు విసిరి పెట్టి, అత్త నూనెసీసా నింపి, జీపెక్కింది.

ఘాటీ దిగుతున్నంతసేపూ పిల్లలు పాడారు. పెద్ద గ్రౌండు గేటు దాటగానే పాట దానంతటదే ఆగిపోయింది.

కనకకు మొదట ఏమీ అర్థం కాలేదు. ఆనుకోవడానికి కళ్ళు అలవాటుగా ఎదురుగా కొండను వెతికాయి. లేదు. పచ్చిక ముందుకు పోయింది, ఇంకా పోయింది, ఎక్కడా లేవకుండా, ఎక్కడా దిగకుండా. ఆ చివర గోలు కర్రలు పుల్లల్లా ఉన్నాయి. కొండ మీద చాపంత చదును దొరికితే ఎవరూ వదలరు. చోళ్ళో సామలో చల్లుకుంటారు, నీరందితే వరి ఊడుస్తారు. చదును నేలంటే అన్నం. ఇక్కడ ఇంత చదునును ఏమీ నాటకుండా, పశువునైనా తోలకుండా, చుట్టూ తెల్లగీత గీసి ఆటకని వదిలేశారు. ఆటకి! రేపు పొద్దున దాని మీద పరుగెత్తేది తన కడుపున పుట్టిన గుంట. ఎవరిదో పెళ్ళిపందిట్లోకి పిలవకుండా వచ్చినట్టు, చెప్పులు విప్పి చేత పట్టుకుంది కనక.

"పిన్నీ, ఆ సివరన ఉన్నాది కూడా మన గోలేనేటి?" అంది గోలు కాచే కృపావతి. "ఆడికెల్లాలంటే సద్దిమూట కట్టుకోవాల."

ఎవరూ నవ్వలేదు. కనక పచ్చిక మీద అడుగు వేసింది. మోకాలు మెట్టు కోసం ఎదురుచూసింది. మెట్టు రాలేదు. రెండో అడుగు, మూడో అడుగు. ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి వంగే నడుముకు ఇక్కడ ఏం చెయ్యాలో తోచలేదు. కాసేపటికి అదే నిటారుగా నిలబడింది. తను ఇంత పొడుగని ఆమెకు తెలియదు.

పిల్లలు కాళ్ళు కడుక్కున్నాక బకెట్లో మిగిలిన నీళ్ళు పారబోసి, అలాగే చూస్తూ ఉండిపోయింది. కొండ మీద ఒలికిన నీటికి దారి చెప్పక్కర్లేదు. వాకిలి దాటి, వాలు దిగి, గెడ్డ చేరేదాకా ఆగదు. ఈ నీళ్ళు ఎటూ పోలేదు. గుండ్రంగా కాసేపు నిలబడి, పడిన చోటే నేలలోకి ఇంకిపోయాయి.

సాయంత్రం భోజనాల దగ్గర రవికుమార్ "పదహారుగురు పిల్లలు, నేను, పదిహేడు" అని చెప్పాడు. కనక పక్కనే ఉంది. "సార్, మరి పిన్ని?" అంది కృపావతి. "అయ్యో అప్పా, మర్సిపోనాను," అని, కొండ మీద అక్కను పిలిచినట్టే పిలిచి, అతను నాలుక్కరుచుకున్నాడు. మంచివాడే. తిన్నాక జెర్సీల మూట తెచ్చి ఇచ్చాడు. "రేపటికి ఉతికి ఆరేసీ అప్పా. మనమంతా ఒక్క టీమే కదా." అన్నం దగ్గర లెక్కకు రాని మనిషి ఉతుకు దగ్గర టీమైంది. కనక ఉతికింది. ఆరవేసేటప్పుడు సత్యకుమారి జెర్సీని మాత్రం భుజాల దగ్గర పట్టుకుని ఒక్కసారి గాలికి ఎత్తి చూసుకుంది.

మర్నాడు ఆట మొదలైంది. పట్నం పిల్లలు బూట్లు టకటకలాడించుకుంటూ గ్రౌండు నిండా విడిపోయారు. కొండపిల్లలు నడి మధ్యన గుంపు కట్టారు, గద్దను చూసిన కోడిపిల్లల్లా. వాళ్ళ నేర్పు వాళ్ళది. చేయి చాచినంత దూరంలో ఒకరికొకరు బంతి అందించుకుంటూ పట్నం పిల్లలను తికమక పెట్టేవారు. అంతలో ఎవరో పొడుగు పిల్ల బంతిని లాక్కుని ఒక్క తన్ను తన్నేది. అది ఎవరూ లేని చోట పడేది. అక్కడ ఇంకో పట్నం పిల్ల కాచుకుని ఉండేది. ఒక గోలు. రెండు. మూడు.

"విడిపోండర్రా! దూరం కొట్టండి!" రవికుమార్ గొంతు బొంగురుపోయింది. సత్యకుమారి గీత దాకా వచ్చి కూడా బంతిని తన్నలేదు. అరికాలితో నొక్కి ఆపింది, వెనక్కి తిరిగింది, పోగొట్టుకుంది. ఫల్గుణ వేసిన ముడి కనక కళ్ళ ముందు బిగుస్తోంది.

అప్పుడు ఒక బంతి గీత దాటి ఆమె వైపు వచ్చింది. కనక ఆలోచించలేదు. కుచ్చిళ్ళు ఎత్తిపట్టి దాని వెనకాల పరుగెత్తింది. ఇప్పుడు పట్టుకోకపోతే ఇక గెడ్డే. పట్టుకోవాలి, దొర్లిపోకముందే పట్టుకోవాలి. నాలుగంగలు వేసిందో లేదో, బంతి నెమ్మదించింది. ఇంకొంచెం దొర్లింది. ఆగిపోయింది.

దానంతటదే.

"ఏటమ్మా, బంతికి కాళ్ళొచ్చాయనుకున్నావేటి?" అని వెనకనుంచి ఎవరో నవ్వారు. కనక వినలేదు. ముందుకు వంగి, చేతులు చాచి, అలాగే ఉండిపోయింది. చేతులకు పని లేదు. ఎన్నేళ్ళుగా ఈ చేతులు ఇలా చాచే ఉన్నాయో! పొద్దున లేస్తే పొయ్యి మీది అంబలి, అత్త నూనెసీసా, ఫల్గుణ కోపం, ఎసరు, కోళ్ళగంప, వాన వస్తే కాఫీ పట్టా. అన్నీ ఆ కొండవాలు మీదే ఉన్నాయి. ఏది వదిలితే ఏది గెడ్డలో పడుతుందో అని ఒక దాని వెనకాల ఒకటి పరుగు. "నువ్వు నేకపోతే ఈ ఇల్లు ఏటైపోద్దే," అనేవాడు ఫల్గుణ, మనసు బాగున్నప్పుడు. ఆ మాట కోసం ఆమె ఇంకో నాలుగు పరుగులు ఎక్కువే తీసేది. "దానికేటి, ఇనప కాళ్ళు," అనేది సోములమ్మ చుట్టాల ముందు. అదీ మెప్పే అనుకునేది. పట్టుకోకుండా నిలబడితే ఏమవుతుందో కనక ఏనాడూ చూడలేదు. చూసే తీరికే లేదు. ఆగేవి కూడా కొన్ని ఉంటాయని, నేల చదునుగా ఉంటే దేని వెనకాలా ఎవరూ పడనక్కర్లేదని, ఇదిగో, ఇక్కడ పచ్చికలో కళ్ళెదుట కనబడుతోంది.

సగం ఆటకు పిల్లలు వచ్చి కూలబడ్డారు. కనక నీళ్ళ బకెట్ పెట్టి, రోజూలా పక్కకు తప్పుకోలేదు. వాళ్ళ మధ్యలో గొంతుక్కూర్చుంది.

"ఒసే, ఇటు సూడండి. మీరు ఆ గీతని గట్టనుకుంతన్నారు."

"గట్టు కాదేటి మరి?" అంది సత్యకుమారి ఏడుపు గొంతుతో. "కొడితే దాటిపోద్ది కదమ్మా."

"దాటనీ. నాను ఎనకాల పడి సూసినాను కదా, ఆగిపోద్ది. దిగీడానికి ఇక్కడ గెడ్డ నేదే."

పిల్లలందరూ ఒక్కసారి గీత వైపు చూశారు. గీత అవతల కూడా నేలే ఉంది.

"అయితే దింపినోలు ఎక్కించక్కర్లేదా?" కృపావతి నోరు తెరిచింది.

"ఏటెక్కిత్తావే, అంతా సదునయితేను!"

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత పదహారుగురూ కడుపులు పట్టుకుని నవ్వారు. రవికుమార్ కనక వైపు, గీత వైపు మార్చి మార్చి చూసి, "అదా మీ భయం! నేను రోజూ ఆ గట్టు మీదే నిలబడి కూడా కనిపెట్టలేదు కదర్రా," అని తనూ నవ్వి, "అప్ప చెప్పినట్టు కొట్టండి," అన్నాడు.

రెండో సగంలో బంతి మళ్ళీ గీత పక్కన సత్యకుమారికి దొరికింది. అలవాటుగా అరికాలు లేచింది. గాలిలోనే ఆగింది. పిల్ల తల తిప్పి అమ్మను చూడలేదు, గీతను చూడలేదు, ఆ చివరి గోలును చూసింది. తన్నింది.

బంతి లేచింది. కనక మెడ వెనక్కి వాలింది. తమ బంతి ఇంతసేపు గాలిలో ఉండటం ఆ పిల్లలు ఎవరూ చూసి ఉండరు. అది ఇంకా పైకే పోతోంది. పిల్లలు దాని కిందుగా పరుగులు తీశారు, పిడికిట్లోంచి చల్లిన చోళ్ళలా గ్రౌండు నిండా. ఇన్నాళ్ళూ ఆ చిన్న కాళ్ళలో ఇంత దూరం దాగి ఉందా? ఎక్కడ దాచుకున్నారు? బంతి దిగిన చోటికి తమ ఊరి మంగ్లు కూతురు చేరుకుంది. గోలు. కనక నోటినుంచి ఒక కేక వచ్చింది. అది తన గొంతేనని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఇంకొక గోలు కూడా కొట్టారు. మూడోది కొట్టేలోపు ఈల మోగింది. ఓడిపోయారు.

ఓడిపోయి కూడా పిల్లలు గ్రౌండు వదల్లేదు. ఊరికే తన్నుకుంటూ, ఎంత దూరం పోతుందో చూస్తూ అక్కడే ఉన్నారు. పట్నం హాస్టలులో ఆడపిల్లలకు ఆట నేర్పే ఉమామహేశ్వరి మేడమ్ కనక దగ్గరికి వచ్చింది. "ఆ పక్కన ఆడిన పాప మీ అమ్మాయే కదండీ? మా దగ్గర ఉంచండి. చదువూ ఉంటుంది, ఆటా ఉంటుంది. వాళ్ళ నాన్నగారినడిగి చెప్తారా?"

కనకను ఎవరూ "అండీ" అనలేదు ఇంతవరకు. తల ఊపింది. అడుగుతాననో, సరేననో ఆ ఊపుకే తెలియదు.

అంతలో ఫోను మోగింది. ఫల్గుణ. వెనకాల జీపులో పాటలు.

"ఓడీసినారంట కదా? స్టాండులో అనుకుంతన్నారు."

"ఓడినారు."

"సర్లే, ఏటి సేత్తాము. రేపు బేగి బయలెల్లిపోండి. అమ్మ నిన్నటికాడినుంచి గొణుగుతానే ఉంది. ఎల్లుండినుంచి గుంటని నీళ్ళకి దింపుదుము."

"సత్తె రాదు."

"ఏటీ?"

"ఇక్కడే హాస్టల్లో ఉంతాది. పెద్ద గ్రౌండులో ఆడతాది. మేడమ్‌కి మాటిచ్చీసినాను."

ఇంకా ఇవ్వలేదు. ఆ మాట నోట్లోంచి బయటపడ్డాక ఇచ్చినట్టే అయింది.

అవతల పాట ఆగింది. ఇంజను ఆగింది. ఫల్గుణ గొంతు వినబడింది. ఆ గొంతులో కోపం కంటే తికమక ఎక్కువగా ఉంది.

"గెలిస్తే కదే నానన్నాను? నువ్వేటి ఇలాగ... మరి ఇంటికాడ నీళ్ళెవులు తెత్తారే?"

గ్రౌండు మధ్యలో సత్యకుమారి ఒంటికాలి మీద ఊగి బంతిని శక్తికొద్దీ తన్నింది. అది గీత దాటి చాలా దూరం పోయింది. పిల్ల దాని వెనకాల పరుగెత్తలేదు. అది ఎక్కడికీ పోదని తెలిసినదానిలా, చేతులు ఊపుకుంటూ నెమ్మదిగా నడిచి వెళ్తోంది.

"ఎవులు తాగితే ఆలే తెత్తారు," అంది కనక.