సీమెన్ మెడలో కాగితం

మా పిల్లి సీమెన్ నాలుగు రోజులుగా గిన్నెలో మూతి పెట్టలేదు. దగ్గరికొస్తుంది, వాసన చూస్తుంది, వెనక్కి తిరిగిపోతుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎక్కడ మేసి వస్తోందో నాకు తెలియదా? పక్కింటి ఫ్రౌకే పెరట్లో హెర్రింగ్ చేప ఆడిస్తూ పిలిస్తే ఏ పిల్లి ఆగుతుంది? అందుకే పది రోజుల కిందట దాని మెడకు కాగితం పట్టీ చుట్టి, పెద్ద అక్షరాలతో రాశాను: ‘నాకు ఇంట్లో తిండి ఉంది. దయచేసి పెట్టకండి.’ అయినా సిగ్గు లేదు ఆ మనిషికి.

“నిన్నంతా బట్టల బుట్ట వెనకే పడుకుంది,” అన్నాడు మా ఆయన హిల్‌బ్రాండ్, పేపర్లోంచి తలెత్తకుండా. “ఒళ్లు కూడా నాక్కోవట్లేదు. బొచ్చు చూడు, ఎలా అట్టకట్టిందో.”

“తిన్నదరక్క పడుంది. గురగురమంటోంది కదా, దానికేం, హాయిగా ఉంది. నువ్వు దాన్ని వెనకేసుకురాకు.”

ఇక లాభం లేదని సీమెన్‌ను చంకనేసుకుని పక్కింటి తలుపు తట్టాను.

“ఏం ఫ్రౌకే, నీకు చదవడం వచ్చా?”

“వచ్చు కాబట్టే మానేశాను. పది రోజులనుంచి ఒక్క ముక్క పెట్టుంటే ఒట్టు. గుమ్మంలో కూర్చుని అరిచినా తలుపు తియ్యలేదు. నాకెంత ఏడుపొచ్చిందో నీకేం తెలుసు?” అంటూనే ఆగి పట్టీ కింద వేలు దూర్చింది. “ఇదేంటి ఇంత వదులుగా ఉంది?”

ఒక్క వేలు పట్టేలా కట్టిన పట్టీలో ఇప్పుడు మూడు వేళ్లు దూరుతున్నాయి. నా చొక్కా చెయ్యి దాని చొంగతో తడిసిపోయి ఉంది.

ఇద్దరం దాన్ని బుట్టలో పెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ సీమెన్ నోరు తెరిచి చూసింది. లోపల పన్ను పుచ్చి చిగురు వాచిపోయింది.

“ఆకలి లేక కాదు, నమల్లేక. నొప్పి పుట్టినా పిల్లులు గురగురమంటాయండి. చివరిసారి ఎప్పుడు తింది?”

నేను ఫ్రౌకే వైపు చూశాను. “నాలుగు రోజులైందండి,” అన్నాను.

“ఇలాంటి లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతేనే కాలేయం దెబ్బతింటుంది. సెలైన్ పెట్టి ఇక్కడే ఉంచుతాను. రేపటిదాకా ఏ మాటా చెప్పలేను.”

ఖాళీ బుట్ట పట్టుకుని బయటికొచ్చాం. ఫ్రౌకే సైకిల్ తాళం తీస్తూ ముక్కు తుడుచుకుంటోంది. నాలుగు రోజులూ ఈవిణ్ణి తిట్టుకోవడంతోనే సరిపోయింది నాకు. ఒక్కసారి వంగి సీమెన్ నోటి వైపు చూసిన పాపాన పోలేదు.

“నీ ఇంట్లో తింటున్నా బాగుండేది, ఫ్రౌకే,” అన్నాను.