అమ్మగారికి ప్రార్థన రావడం లేదు

ఆదివారం ఆరాధన ముగిసి జనం ఇళ్ళకు మళ్ళాక, ప్రభువు బల్లలో అందరికీ ద్రాక్షరసం ఇచ్చిన బుల్లి గాజు గ్లాసులన్నీ పళ్ళెంలో సర్దుకుని అమ్మగారు చర్చి వెనక వంటగదిలోకి వచ్చింది. ఒక్కో గ్లాసూ చిటికెన వేలు కూడా దూరనంత ఇరుకు. అడుగున ఎండిపోయిన ద్రాక్షరసం ఒక పట్టాన వదలదు, పాత టూత్‌బ్రష్ పెట్టి తోమాల్సిందే. ఆమె తోముతుండగా బయట వరండాలో ఎవరో పెద్దాయన ఆమె భర్తతో అంటున్న మాటలు వినబడ్డాయి.

"అయ్యగారూ, ఇవాళ అమ్మగారి ప్రార్థన ఉంది చూశారూ... ఒళ్ళు జలదరించిందండీ. దేవుడితో ముఖాముఖి మాట్లాడినట్టే ఉంది."

ఆమె చేతిలో బ్రష్ ఆగిపోయింది. ఆ ప్రార్థన చేసినంతసేపూ ఆమె ఆలోచించింది ఒక్కటే. ఇంట్లో స్టవ్ కట్టేసిందా, లేదా?

ఆమెకూ ఒక పేరుంది. కానీ పాస్టరుగారిని పెళ్ళి చేసుకున్న నాటి నుంచి సంఘమంతటికీ ఆమె అమ్మగారే. తన తల్లి వయసు వాళ్ళకు కూడా అమ్మగారే. చర్చి ఆయనను పనిలోకి తీసుకుంది, ఆమె కొసరుగా వచ్చింది. జీతం ఒకరికి, చాకిరీ ఇద్దరికీ. పిల్లలకు ఆదివారం బడి, పాటల సాధన, తెరలు ఉతకడం, కమిటీ పెద్దలు ఎంతసేపటికీ లేవకపోతే మళ్ళీ ఒక విడత టీ, ఆస్పత్రిలో ఎవరున్నా ఒక పలకరింపు. ఒక చేత్తో గరిటె తిప్పుతూ, మెడకూ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఎవరి కష్టాలో వింటూ "ప్రార్థన చేద్దాం అక్కా" అనడం. ఒకసారి తల పగిలిపోతుంటే మొహం ముడుచుకుని కూర్చుంది. ఆరాధన అయ్యాక ఒక కమిటీ పెద్దగారి భార్య దగ్గరకొచ్చి, "మీరు నవ్వుతూ ఉండాలండీ అమ్మగారూ. మీ మొహం చూసుకునే కదా మాకు ధైర్యం" అంది మెత్తగా. ఆ రోజు నుంచి ఆమె తలనొప్పి కూడా నవ్వుతూనే పడింది.

చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. పుట్టింటి పెరటి మెట్ల మీద కూర్చుని దేవుడికి అన్నీ చెప్పేది. లెక్కల్లో తప్పిన సంగతి, చెల్లెలి జుట్టు పీకిన సంగతి, పక్కింటి పిల్ల కొత్త చెప్పులు చూసి కుళ్ళుకున్న సంగతి. లొడలొడా వాగేది. ఆయన వింటున్నాడా అన్న అనుమానమే ఆమెకు రాలేదు. పెళ్ళయ్యాక ప్రార్థన కూడా ఒక పనిగా మారింది. ఎవరి అవసరమో, ఎవరి మాటలో, ఎప్పుడూ నలుగురి ముందు. ఎప్పుడు ఎండిపోయిందో ఆమె గమనించలేదు, ఎందుకంటే మాటలు మాత్రం ఎక్కడికీ పోలేదు. చెయ్యి తిరిగిన వంటమనిషి రుచి చూడకుండా ఉప్పు వేసినట్టు నోరు దాని పని అది చేసుకుపోతోంది. గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ వణికించాలో కొట్టిన పిండి. లోపల ఏమీ లేదని ఒక్కరికీ తెలియలేదు. ఆమెను భయపెట్టింది అదే. లోపల ఏదైనా ఉన్నప్పటి ప్రార్థనకూ లేనప్పటి ప్రార్థనకూ తేడా ఎవరికీ తెలియకపోతే, ఇన్నాళ్ళూ వీళ్ళు విన్నదేమిటి?

ఒక మధ్యాహ్నం భర్త ప్రసంగం రాసుకుంటుంటే ధైర్యం చేసి చెప్పింది.

"ఏమండీ, నాకు ప్రార్థన రావడం లేదు."

ఆయన తలెత్తలేదు. "పొద్దున బాగానే చేశావుగా."

"నోరు చేసింది."

అప్పుడు చూశాడు. చెడ్డవాడు కాదాయన. కాకపోతే ఏ కష్టం చెప్పినా మూడు ముక్కల్లో పరిష్కారం చెప్పేయడం ఆయన వృత్తి. "అలసట. ఒక రోజు ఉపవాసం ఉండు, సర్దుకుంటుంది. అన్నట్టు, ఈ మాట బయట అనకు. డాక్టరు ఇంట్లోనే జబ్బంటే రోగులు ఇంకెక్కడికి పోతారు?"

లోపలి గదిలోంచి అత్తగారు అందుకుంది. "చేతినిండా పని లేకపోతే ఇలాంటి ఆలోచనలే వస్తాయే." అప్పుడు కోడలు చర్చి తెరలు ఇస్త్రీ చేస్తోంది.

ఉపవాసం కూడా ఉంది. తను తినకుండా అందరికీ వండి పెట్టింది. సాయంత్రానికి తలనొప్పి వచ్చింది, దేవుడు మాత్రం రాలేదు.

ఆ తర్వాతి బుధవారం భర్త, "పెద్ద టీచరుగారింటికి వెళ్ళి ప్రార్థన చేసి రా. నాకు కమిటీ మీటింగుంది" అన్నాడు. పెద్ద టీచరుగారంటే హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. ఆమె గొంతు సవరించుకుంటే పాటల బృందం ఇప్పటికీ నిటారుగా నిలబడుతుంది. భర్త రైలు గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. క్రిందటి నెల గుండెపోటుతో పోయాడు. ఆవిడ ఒక్క ఆదివారం మానకుండా చర్చికి వచ్చింది, ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. "ఎంత విశ్వాసమో!" అని అందరూ చెప్పుకున్నారు.

మేడ మీద రెండు గదుల ఇల్లు. పడకగదిలో బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మంచం మీద మగవాళ్ళ బట్టలు గుట్టగా పడి ఉన్నాయి.

"సర్దేద్దామని తీశాను" అంది టీచరుగారు అటు చూడకుండా. "తీసి ఎన్నాళ్ళయిందో. చేతులు రావడం లేదు. సోఫాలో పడుకుంటున్నాను." మళ్ళీ వెంటనే నడుం నిటారు చేసింది. "సరే, ప్రార్థన చెయ్యండి అమ్మగారూ. మీకూ పనులుంటాయి." చేదు మందు మింగడానికి నోరు తెరిచిన మనిషిలా కళ్ళు గట్టిగా మూసుకుంది.

అమ్మగారు ఆవిడ చేతులు పట్టుకుంది. "ప్రేమగల పరలోకపు తండ్రీ, ఈ దుఃఖ సమయంలో నీ బిడ్డను..." దాకా వచ్చింది. తర్వాతి మాట నాలుక చివరనే ఉంది. ఎన్ని ఇళ్ళలో, ఎన్ని మంచాల పక్కన పలికిన మాట! అది రాలేదు. కళ్ళు తెరిచింది. ఎదురుగా ఒక చొక్కా. అరిగిపోయిన కాలరును విప్పి, తిరగేసి, సన్నగా మళ్ళీ కుట్టి ఉంది. ఎవరు కుట్టారో అడగక్కర్లేదు. ఆ కుట్టు ముందు తన మాటలు మరీ చవకగా అనిపించాయి. దొరికిపోయాను అనుకుంది.

"టీచరుగారూ, నాకు రావడం లేదండీ."

ఆవిడ ఒక కన్ను తెరిచింది. "ఏం రావడం లేదు?"

"ప్రార్థన. చాలా కాలమైంది. మీ దగ్గర అబద్ధం ఆడలేను."

ఇంక తిట్లే అనుకుంది. రేపటికల్లా సంఘమంతా పొక్కుతుందనుకుంది. పెద్ద టీచరుగారు ఆమెను ఎగాదిగా చూసింది. ఆవిడ భుజాలు ఒక్కసారిగా దిగిపోయాయి.

"హమ్మయ్య" అంది. "నేనొక్కదాన్నే అనుకుని చస్తున్నాను. వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను ఆదరించమని దేవుడికి చెప్పి పోతున్నారు. నాకు ఆదరణ వద్దు. నాకు కోపంగా ఉంది. ఆ మనిషి నలభై ఏళ్ళు రాత్రి డ్యూటీలు చేశాడు. ఇప్పటికి ఇంట్లో ఉన్నాడనుకుంటే దేవుడు తీసుకుపోతాడా? ఈ మాట ఎవరితో అనను? నిజం చెప్పనా? ఇందాక నువ్వు మెట్లెక్కుతుంటే తలుపు గడియ పెట్టేద్దామనుకున్నాను, అమ్మాయ్."

అమ్మాయ్! ఆ మాట అనేవాళ్ళు ఆమెకు మిగలలేదు.

"బట్టలు మడుద్దామా?" అని అడిగింది అమ్మగారు.

ఇద్దరూ మంచానికి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. టీచరుగారు ఒక్కో చొక్కా ఎత్తుతూ ఆయన సంగతులు మొదలుపెట్టింది. ఒట్టి మొండిఘటం. టీ పెట్టుకోవడం రాదు, పెట్టిస్తే పంచదార చాలలేదంటాడు. భార్య హెడ్మిస్ట్రెస్ అయిన రోజు మాత్రం వీధిలో వాళ్ళందరికీ తనే మిఠాయి పంచాడట, ఇంటికొచ్చి "కూర ఏం వండావ్" అన్నాడట. చెబుతూ చెబుతూ ఒక తెల్ల యూనిఫాం జేబులో చెయ్యి పెట్టింది. గార్డు ఈల బయటికొచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, హఠాత్తుగా నోట్లో పెట్టుకుని బలంకొద్దీ ఊదింది.

కింది వాటాలోంచి ఎవరో కేకేశారు. "ఏమైందండీ టీచరుగారూ?"

"ఏం కాలేదు! రైలు కదిలింది!" అని అరిచింది ఆవిడ. అంతే, ఇద్దరికీ నవ్వు తన్నుకొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి టీచరుగారు ఆ యూనిఫాంలోనే మొహం దాచుకుని, నెల రోజులుగా ఏడవని ఏడుపంతా ఏడ్చింది. అమ్మగారు ఆదరణ మాటలేవీ చెప్పలేదు. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. మిగతా బట్టలు కూడా మడిచి లేచేసరికి మంచం ఖాళీ అయింది. టీచరుగారు దాని మీద దుప్పటి పరిచింది.

ఇంటికి నడిచి వస్తుంటే ఆమెకు తేలిగ్గా ఉంది. దేవుడు తిరిగొచ్చాడా అని తడుముకుంది. తెలియలేదు. తెలియకపోయినా భయం వేయలేదు. ఎన్నో ఏళ్ళుగా బిగబట్టిన ఊపిరి ఎవరో వదిలేయమన్నట్టు ఉంది.

"ప్రార్థన చేశావా?" అన్నాడు భర్త గుమ్మంలోనే.

"లేదు. బట్టలు మడిచాం." చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. "ఆదివారం కూడా నేను చేయను."

"చేయకపోతే ఎవరు చేస్తారు?"

"ఎవరికి వస్తే వాళ్ళు."

"ఎవరికీ రాకపోతే?"

"కాసేపు ఊరికే కూర్చుందాం. దేవుడికేం తొందర?"

"జనం ఏమనుకుంటారో ఆలోచించావా?" అని అత్తగారు గొంతు పెంచింది.

"ఇన్నేళ్ళూ అదే ఆలోచించానండీ అత్తయ్యా" అంది ఆమె. గొంతులో కోపం లేదు.

ఆదివారం వచ్చింది. ఆమె మాట ఆయన నమ్మలేదో, అలవాటే లాక్కుపోయిందో, వేదిక మీద నుంచి ఎప్పటిలాగే, "ఇప్పుడు అమ్మగారు మనల్ని ప్రార్థనలో నడిపిస్తారు" అన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆమె లేచి నిలబడింది.

"ఇవాళ నేను చేయనండీ. కొంతకాలంగా నాకు ప్రార్థన రావడం లేదు. వచ్చిన రోజున చేస్తాను. అందాకా మీలో ఎవరైనా చేయండి, నేను వింటాను."

కూర్చుంది. మూసుకున్న కళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎవరో దగ్గారు. భర్త బైబిలు పేజీ అనవసరంగా తిప్పాడు. అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ నిశ్శబ్దం ఎంతకీ తెగలేదు. తనకు సిగ్గుగా ఉంటుందనుకుంది, లేదు. వేసవి పగలు చల్లటి గచ్చు మీద వెల్లకిలా పడుకున్నంత హాయిగా ఉంది.

ముందు వరసలో బెంచీ కిర్రుమంది. పెద్ద టీచరుగారు లేచింది.

"దేవా, నీ మీద నాకు చాలా కోపంగా ఉంది" అంది, బడిలో పిల్లవాడిని నిలదీసే గొంతుతోనే. "అయినా వచ్చాను. ఇంకేం చెప్పాలో తెలియదు."

అంతే. ఆవిడ కూర్చుంది. ఇలాంటి ప్రార్థనకు ఏమనాలో సంఘంలో ఎవరికీ తోచలేదు. అందరూ అయ్యగారి వైపు చూశారు. అయ్యగారు తన భార్య వైపు చూశాడు.

"ఆమెన్" అంది ఆమె. ఆ గొంతు ఎవరిదా అని ఒక్క క్షణం ఉలిక్కిపడింది. తనదే.