నాలుగో రేపరు

వాచీలాయన వేళ్ళకు ఆ వీధిలో మంచి పేరుంది. వెంట్రుకంత స్ప్రింగును కూడా నలగకుండా తీసి, తిరిగి దాని చోట్లో కూర్చోబెట్టగలడు. ఆ పనితనం ఇంట్లో ఇంకోదానికీ పనికొచ్చింది. డాక్టరు తీపి మానెయ్యమన్నప్పటి నుంచీ, భార్య అల్మారాలో దాచిన చాక్లెట్ బార్ల రేపరు అతుకును సన్నటి బ్లేడుతో విప్పి, మూడో కంటికి తెలియకుండా తినేసేవాడు. మర్నాడు అదే సైజుది ఇంకోటి కొనితెచ్చి, పాత రేపర్లోనే దూర్చి, చుక్క జిగురుతో అంటించేవాడు. ఆవిడ ఎన్ని ఉన్నాయో చూసుకుంటుంది మరి. ఒకటి తగ్గిందంటే వారం రోజులు చీవాట్లతోనే కడుపు నిండుతుంది.

ఆ మధ్యాహ్నం కింద కొట్లో పని ఆపి, టీ కోసం మెట్లెక్కి వచ్చేసరికి వంటిల్లంతా చాక్లెట్ వాసన. మరదలి కూతురు ఆరేళ్ళ పిచ్చుక, ముక్కు మీద మరకతో స్టూలెక్కి నిలబడింది. వేడినీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి చాక్లెట్ కరిగించారు. అందులో వెన్న వేసి, పొడి చేసిన బిస్కెట్లు కలిపి, పళ్ళెంలో పోసి గ్లాసు అడుగుతో అదిమారు.

"పెదనాన్నా, దీన్ని కాల్చక్కర్లేదు. ఫ్రిజ్‌లో పెడితే అదే గట్టిపడుతుందట" అంది పిచ్చుక. "అప్పటిదాకా రుచి కూడా చూడకూడదంది పెద్దమ్మ."

"చూస్తే చేతులు కట్టేస్తానన్నాను" అంది భార్య నవ్వుతూ. ఏడాది తర్వాత విన్న నవ్వు అది.

పోయినేడు ఇదే వంటింట్లో, ఆవిడ చేసిన చాక్లెట్ ఉండలు తిన్న పావుగంటకు ఇదే పిల్లకి గొంతు మూసుకుపోయింది. వేరుశెనగ దాని ఒంటికి పడదు. పడకపోవడమంటే దద్దుర్లతో పోయేది కాదు, ప్రాణం మీదికొచ్చేది. ఆసుపత్రిలో గండం గడిచింది గానీ, నర్సు పని చేసే మరదలు మళ్ళీ పిల్లని ఈ గడప తొక్కనివ్వలేదు. "రేపరు మీద చదవకుండా ఎలా పెట్టావక్కా?" అని ఒక్క మాట అంది. చదివానని ఈవిడ మొదట్లో అందరికీ చెప్పుకుంది. తర్వాత తర్వాత చెప్పడం మానేసింది. తన కళ్ళను తనే నమ్మడం మానేసింది.

ఇవాళ డ్యూటీకి వెళ్తూ మరదలు ఆ తర్వాత మొదటిసారి పిల్లని వదిలి వెళ్ళింది. అందుకే భార్య ఒళ్ళంతా కళ్ళు చేసుకుని ఉంది. కుట్టుపని చేసే మనిషి, వచ్చిన ప్రతి గుడ్డకీ కొలతల చీటీ గుచ్చే అలవాటు. అలాగే కరిగించిన ప్రతి బారు రేపరూ అట్ట మీద గుండుసూదితో గుచ్చి గోడకి ఆనించింది. నాలుగు బార్లు, నాలుగు రేపర్లు. "మూడేసి సార్లు చదివానండీ. వేరుశెనగ ఊసే లేదు" అంది.

వాచీలాయన చూపు నాలుగో రేపరు దగ్గర ఆగిపోయింది. దాని అంచున చుక్క జిగురు ఎండి మెరుస్తోంది.

 మొన్న ఆ రకం దొరక్క సందు చివర కొట్లో వేరే కంపెనీది కొన్నాడు. లోపల ఏముందో చదవలేదు. సైజు సరిపోయింది, చాలనుకున్నాడు.

"టీ ఏదండీ, తాగరూ?" అంటున్నా వినిపించుకోకుండా కిందికి దిగాడు. బల్ల కింద చెత్తబుట్ట బోర్లించాడు. తెగిన పట్టీలు, చచ్చిన బ్యాటరీలు, వాటి మధ్య నలిగిన ఎర్ర రేపరు. కంటికి భూతద్దం తగిలించుకుని చీమ తలకాయంత అక్షరాలు చదివాడు. లోపల మెత్తటి వేరుశెనగ ముద్ద. కరిగిపోతే కంటికి ఆనదు.

పోయినేడు ఆయన ఈ బుట్ట వెతకలేదు. వెతికితే దొరుకుతుందేమోనని భయపడ్డాడు. ఆ సంగతి ఇన్నాళ్ళూ తనకి తాను కూడా చెప్పుకోలేదు.

పైకి వెళ్ళి నోరు విప్పితే సరిపోయేది. కానీ మెట్లెక్కుతూ వేరే దారి వెతుక్కున్నాడు. పిల్ల ఇంకా తినలేదు కదా, పళ్ళెం పారేస్తే పీడా పోతుంది, చెప్పకుండానే గట్టెక్కొచ్చు అనుకున్నాడు. నీళ్ళ సీసా కోసమన్నట్టు ఫ్రిజ్ తెరిచి, అప్పటికే లోపల పెట్టిన పళ్ళాన్ని మోచేత్తో లాగేశాడు. అది బోర్లాపడి గచ్చంతా చాక్లెట్ అయింది.

పిచ్చుక బావురుమంది.

"ఇదేం చూసుకోకపోవడమండీ" అని విసుక్కుని, భార్య పిల్లని దగ్గరికి తీసుకుంది. "ఏడవకు తల్లీ. గరిటె కడగలేదులే. ఇదిగో, దీనికున్నదంతా నీకే."

ఆయన చూస్తూనే ఉన్నాడు. గరిటె పిల్ల నోటిదాకా వెళ్ళడానికి పట్టింది ఒక్క క్షణం. ఆ క్షణంలో నాలుక పెగల్లేదు. పెగిలేసరికి పిల్ల నాకేసింది.

"వద్దు. ఉమ్మెయ్యి. అందులో వేరుశెనగ ఉంది" అంటూ గరిటె లాక్కున్నాడు.

"లేదు. నేను చదివాను" అంది భార్య, తెల్లబోయి.

"నువ్వు చదివింది నిజమే. లోపలున్నది వేరు. నేను మార్చాను."

 ఆవిడ పిల్ల నోరు కడిగింది. ఒంటికి పడనిది తింటే వెంటనే పొడవమని చెల్లెలు ఫ్రిజ్ మీద పెట్టి వెళ్ళిన ఇంజక్షన్ పెన్ను తీసి ఆయన చేతికిచ్చి, ఫోన్ అందుకుంది. అంబులెన్సుకి అడ్రసు రెండుసార్లు చెప్పింది. ఈలోగా పిచ్చుక పెదాలు ఉబ్బాయి. "పెద్దమ్మా, గొంతులో ఏదో ఉంది" అంది చిన్నగా. ఆ తర్వాత ఊపిరి తీస్తే ఈల వేసినట్టు చప్పుడు.

వెంట్రుకంత స్ప్రింగును పట్టే ఆ వేళ్ళకి పెన్ను మూత ఊడిరాలేదు.  ఆవిడే లాక్కుని, మూత పీకి, పిల్ల తొడకి గట్టిగా పొడిచి, పది లెక్కపెట్టింది. అంబులెన్సు వచ్చేదాకా ఆయన పిల్ల పాదం పట్టుకుని కూర్చున్నాడు. చప్పుడు ఆగితే ఏం చెయ్యాలన్న ఆలోచనకే ఆయన పైప్రాణాలు పైనే పోయాయి.

ఆసుపత్రిలో గంట గడిచాక ఊపిరి తేటపడిందనీ, రేపటిదాకా కనిపెట్టి చూడాలనీ డాక్టరమ్మ చెప్పింది. వరండాలో బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. కంగారులో భార్య రేపర్ల అట్ట కూడా పట్టుకొచ్చేసింది. నాలుగో రేపరు అంచు మీది జిగురు చుక్కని గోటితో గీరింది.

"పోయినేడు కూడానా?" అంది మెల్లగా.

ఆయన అవునన్నట్టు తలూపాడు.

మరదలు యూనిఫాంలోనే పరుగెత్తుకొచ్చింది. అద్దంలోంచి పిల్లని చూసుకుని, అక్క వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మళ్ళీనా అక్కా? ఈసారి కూడా చదవలేదా?"

భార్య ఒళ్ళోని అట్టని సరిచేసుకుంది.  భర్త వైపు చూడలేదు. ఆయన్ని చూపించి చెప్పడం ఆవిడకి ఎంతసేపు పని? అయినా చెప్పలేదు. ఆయనే చెప్పాలని ఎదురుచూస్తోంది. ఇంకో ఏడాదైనా అలాగే చూసేట్టుంది.

వాచీలాయన లేచాడు.  పిల్ల ఊపిరి ఆగుతుందేమోనన్నప్పటి భయం ఇంకా ఒంట్లోనే ఉంది. దానిముందు ఈ భయం ఎంతని నోరు విప్పాడు.

"మీ అక్క చదివిందమ్మా. పోయినేడూ చదివింది, ఇవాళా చదివింది. రెండుసార్లూ లోపలిది మార్చింది నేను. ఏడాదిగా నేను నోరు మూసుకుని కూర్చున్నాను, తను నింద మోసింది."

 మరదలు ఆయన వైపు చూడను కూడా చూడలేదు. అక్క పక్కన కూర్చుని, ఆమె చేతిలోని అట్ట తీసుకుంది. మొదటి రేపరు వెనక్కి తిప్పి, అక్షరం అక్షరం చదవడం మొదలుపెట్టింది. రెండోది చదివింది. మూడోది చదివింది. నాలుగోది కూడా చివరిదాకా చదివి, "ఎక్కడా లేదక్కా" అంది.

అప్పుడు భార్య ఏడ్చింది.